చౌకు మధ్య నిలబడ్డాక

ఇంకా సామ్రాజ్యపు నగరం హువానుకో పంపాకు కంప్యూటర్‌లో త్రిమితీయ నమూనా మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. మాచు పిచ్చు ఎందుకు చేయలేదని స్నేహితులు అడుగుతూనే ఉన్నారు. దానికి ప్రేమించేవాళ్లు ఎందరో ఉన్నారు. పెరూలో 3,600 మీటర్లకు పైన, గాలి వీచే పీఠభూమి మీద ఇప్పటికీ వేల కట్టడాల పునాదులు మిగిలిన ఈ పాలనా నగరమే నన్ను పట్టుకుంది.

పురావస్తు శాస్త్రవేత్తలు క్రెయిగ్ మోరిస్, డొనాల్డ్ థాంప్సన్‌లు పరిశోధించి గీయించిన పటాలే నాకు ఆధారం. గోడలు లేపడం తేలికే: లోపలికి కాస్త వాలిన గోడలు, కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే గుమ్మాలు. కమాను ఎక్కడా ఉండదు. నన్ను ఏడిపించింది కప్పు. ఇచు గడ్డి, వాసాలు ఎప్పుడో కుళ్లిపోయాయి. వాన నిలవకుండా జారాలంటే వాటం బాగా నిటారుగా ఉండాలి, కానీ ఎంత? కొలిచి వేసిన గోడలను రాతిరంగులోనూ, నా ఊహతో వేసిన కప్పులను లేత బూడిదరంగులోనూ ఉంచాను. రెండూ ఒకేలా మెరిస్తే చూసేవారిని మోసం చేసినట్టే.

తప్పులూ చేశాను. చౌకులోని కొన్ని పునాదులను ఇంకాలవే అనుకుని గోడలు కట్టేశాను. అవి 1539లో స్పెయిన్ వారు అక్కడ పట్టణం స్థాపించి, కొద్ది కాలానికే వదిలేసిన ఇళ్లవి. అన్నీ తీసేశాను. సూర్యుణ్ణి కూడా తప్పుగా పెట్టాను. భూమధ్యరేఖకు దక్షిణాన జూన్ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడాలి. ఆ ఒక్కటీ సరిచేయగానే గోడల మీది వెలుగు మారిపోయింది.

అన్నీ కట్టాక చౌకు చూస్తే బోసిగా అనిపించింది. సుమారు 550 మీటర్ల పొడవు, 350 మీటర్ల వెడల్పు, నడుమ ఉష్ణు అనే రాతి వేదిక. పైనుంచి చూడటం మానేసి, కెమెరాను మనిషి కంటి ఎత్తుకు దించి, నడక వేగంతో పొడవునా నడిపించాను. ఏడు నిమిషాలకు పైగా పట్టింది. వేదిక దగ్గర ఆపి తూర్పుకు తిప్పితే, ప్యూమా (కొండ సింహం) బొమ్మలు చెక్కిన గుమ్మాలు ఒకదాని వెనుక ఒకటి, ఒకే గీత మీద తెరుచుకుని కనిపించాయి. అప్పుడు నా గుండె ఝల్లుమంది. ఇన్ని రోజులూ ఇళ్లను నగరమనుకున్నాను, ఆ ఇళ్లు మాత్రం ఈ ఖాళీ కోసమే చుట్టూ నిలబడ్డాయి.

తవ్వకాల్లో చౌకు చుట్టుపక్కల పెద్ద జాడీల పెంకులు విపరీతంగా దొరికాయి. పని చేయడానికి వచ్చినవారికి మొక్కజొన్న బీరు చీచాతో విందు చేయడం ఇంకాల పాలనలో భాగం. దక్షిణపు కొండ మీద దాదాపు 500 గాదెలు వరుసలు తీరి ఉన్నాయి. మొక్కజొన్నకు గుండ్రనివి, దుంపలకు దీర్ఘచతురస్రాకారపువి అని మోరిస్ గుర్తించారు.

గాదెలు పూర్తయ్యాయి. ఈ వారం జాడీలు చేస్తున్నాను, మొదట తూర్పు గుమ్మాల పక్కన పెట్టడానికి.