సాకెట్ మీద ఐఎస్‌ఐ గుర్తు: ఏ నంబరు చూడాలి, ఆ హామీ ఎక్కడిదాకా

ఎలక్ట్రికల్ షాపులో సాకెట్ అడిగితే కౌంటర్ మీదకొచ్చే ప్యాకెట్లలో చాలావాటికి ఐఎస్‌ఐ గుర్తు కనిపిస్తుంది. దానితో సరిపెట్టుకోకుండా గుర్తు పైనున్న నంబరు చదవండి. ఇంట్లో వాడే సాకెట్లకీ ప్లగ్గులకీ మన ప్రమాణం ఐఎస్ 1293. అక్కడ 3854 అని ఉంటే అది స్విచ్చుది, 694 అని ఉంటే వైరుది. ఎక్స్‌టెన్షన్ బాక్సుల దగ్గర ఈ తిరకాసు ఎక్కువ. "ఐఎస్‌ఐ ఉంది చూడండి సార్" అని షాపతను చూపించేది వైరు మీద అచ్చయిన 694నే. డబ్బాలో బిగించిన సాకెట్లు ఎలాంటివో దాన్నిబట్టి ఏమీ తెలియదు. సీఈ అన్న అక్షరాలు యూరప్ మార్కెట్ కోసం, ఐఎస్‌ఐకి బదులు కావు. ఆర్‌తో మొదలయ్యే నంబరు ఫోన్ చార్జర్ల లాంటి వాటికి.

గుర్తు కింద సీఎం/ఎల్ అని, పక్కన లైసెన్సు నంబరు ఉండాలి. ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. దాని బీఐఎస్ కేర్ యాప్‌లో లైసెన్సు సరిచూసే చోట ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు ఇంకా నడుస్తోందా లేదా అన్నది వస్తాయి. ప్యాకెట్ మీది పేరూ యాప్‌లోని పేరూ పొంతన కుదరకపోతే తిరిగిచ్చేయండి. అర నిమిషం పని.

ఆ లైసెన్సు వెనక పరీక్షలున్నాయి. నిర్ణీత కరెంటు పంపి, వైర్లు బిగించే టెర్మినళ్లు ఎంత వేడెక్కుతాయో కొలుస్తారు. ఎర్రగా కాల్చిన తీగని ప్లాస్టిక్‌కి ఆనించి మంట పట్టుకుంటుందా, తీగ తీశాక ఆరిపోతుందా చూస్తారు. ప్లగ్గుని వేలసార్లు పెట్టి తీస్తారు, పిన్నుల మీద రేకుల పట్టు సడలకూడదు. పిల్లలు మేకు గుచ్చినా లోపలికి పోకుండా రంధ్రాలకి షట్టర్ ఉండాలి. చాలా సాకెట్లలో ఆ షట్టర్‌ని తెరిచేది పై రంధ్రంలోకి వెళ్లే ఎర్త్ పిన్ను. అది మిగతా రెండిటికన్నా పొడుగ్గా, లావుగా ఉంటుంది: 6 యాంప్స్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను సుమారు 7 మి.మీ., మిగతావి 5. రెండు పిన్నుల ప్లగ్గు దూరడం లేదని పై రంధ్రంలో పెన్ను రీఫిల్ పెట్టి నొక్కడం మనకి అలవాటు. నాలుగుసార్లు అలా చేస్తే షట్టర్ విరుగుతుంది, దాంతో ఆ సాకెట్‌కి సర్టిఫికెట్ ఉన్నా లేనట్టే.

హామీ టెర్మినల్ స్క్రూ దాకానే. ఆ తర్వాతదంతా వైర్‌మ్యాన్ చేతిలో ఉంటుంది, నా లెక్కలో సాకెట్లు మాడేది ఎక్కువగా ఇక్కడే. ఇన్సులేషన్ సరిగ్గా ఒలవకుండా స్క్రూని పీవీసీ మీదే బిగిస్తారు. ఒకే టెర్మినల్లో సన్నదీ లావుదీ కలిపి దూరుస్తారు, స్క్రూ లావుదాన్ని పట్టుకుంటే సన్నది వదులుగా ఉండిపోతుంది. 6 యాంప్స్ బోర్డు నుంచి 1.5 చ.మి.మీ. వైరు లాగి 16 యాంప్స్ సాకెట్ పెడతారు. గీజరుకీ ఏసీకీ డీబీ (ఇంటి మెయిన్ స్విచ్చుల పెట్టె) నుంచి విడిగా 4 చ.మి.మీ. రాగి వైరు లాగించుకోండి.

వదులు జాయింటు ఏం చేస్తుందో లెక్కేద్దాం. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 230 వోల్టుల దగ్గర 13 యాంప్స్ లాగుతుంది. జాయింటులో 0.1 ఓం నిరోధం ఉందనుకోండి. 13 ఇంటూ 13 ఇంటూ 0.1, అంటే దాదాపు 17 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు, అది సీసాన్ని కరిగిస్తుంది. ఇక్కడ ఆవగింజంత చోట 17 వాట్ల వేడి, గోడలో, గాలాడని బాక్సులో. కరెంటు మితిమీరితే ఆపేసే ఎంసీబీ పడుతుందా? పడదు. కరెంటు 13 యాంప్సే కదా, దానికి తప్పేమీ కనిపించదు. ముందు ప్లగ్గు పిన్ను చేతికి చురుక్కుమంటుంది, తర్వాత రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ, ఆపైన చేపల కంపు లాంటి వాసన. మచ్చ పడ్డ సాకెట్‌ని తుడిచి వాడొద్దు, మార్చండి. మాడిన వైరు కొసని కూడా కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించాలి. లేదంటే కొత్త సాకెట్ కూడా అదే దారి పడుతుంది.

ఎర్త్ సంగతి మల్టీమీటరుతో చూడొచ్చు. ఎదురుగా నిలబడితే పైన ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర్లో, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా అంతే రావాలి. రెండోచోట 60, 110 అంటూ నిలకడ లేకుండా ఆడితే ఎర్త్ వైరు ఎక్కడో తెగినట్టు, లేదా అసలు కలపనట్టు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మామూలుగా ఒకటి రెండు వోల్టులు ఉంటాయి. గీజరు నడుస్తున్నప్పుడు కూడా కచ్చితంగా సున్నా వస్తే ఆ సాకెట్ వెనక రెండిటినీ చిన్న వైరు ముక్కతో కలిపారేమోనని అనుమానించండి. ఎర్త్ గుంత తవ్వే శ్రమ తప్పించుకోవడానికి చేసే పని ఇది. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్ బాడీకీ గీజరు బాడీకీ ఫేజు వచ్చేస్తుంది.

అలా కలిపిన ఇంట్లో, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ పెడితే అది పదేపదే పడిపోవచ్చు. అప్పుడు "ఇది మీ ఇంటికి పనికిరాదు సార్" అని దాన్ని పీకేసి వైరు నేరుగా కలిపేస్తారు. ఆర్‌సీసీబీని ఉండనిచ్చి, మెయిన్ ఆపించి, ఒక్కో సాకెట్ విప్పించి ఆ వైరు ముక్కలు వెతికించండి. ఎక్కువగా దొరికేది వంటింటి బోర్డులోనూ వాషింగ్ మెషిన్ సాకెట్ వెనకా.