ఆల్మా టాడెమా పాలరాతికి ప్రతి: ఆరో వారం

లారెన్స్ ఆల్మా టాడెమా 1903లో వేసిన ‘సిల్వర్ ఫేవరెట్స్’ చిత్రానికి ప్రతి వేయడం మొదలుపెట్టి ఆరు వారాలైంది. ఎండలో పాలరాతి కొలను, అందులో చేపలు, పక్కన ముగ్గురు స్త్రీలు, ఇదీ ఆ చిత్రం. మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో ఉన్న మూలచిత్రం సుమారు 69 సెంటీమీటర్ల ఎత్తు, 42 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. నేను అందులో మూడింట రెండు వంతుల కొలత తీసుకుని, 18 అంగుళాల ఎత్తు, 11 అంగుళాల వెడల్పు గల ఎండీఎఫ్ (చెక్కపొట్టును నొక్కి చేసిన) పలక కోయించాను. ఒక పక్కే జెస్సో (రంగుకు అడుగున వేసే తెల్ల పూత) పూస్తే పలక వంగుతుంది కనుక రెండు పక్కలా పూసి, ముందు వైపు నీటి ఎమెరీ కాగితంతో రుద్దాను.

మొదటి రెండు వారాలు గళ్లు గీసి గీతలు దించడానికీ, ముదురు గోధుమ రంగు బర్న్ట్ అంబర్‌తో పల్చగా వెలుగునీడలు పెట్టడానికీ సరిపోయాయి. ఆ పూత ఒక్క రోజులో ఆరింది.

చిక్కంతా మూడో వారంలో, పాలరాయి దగ్గర వచ్చింది. ట్యూబులోని టైటానియం వైట్‌నే నేరుగా ఎండ పడిన చోట పెట్టాను. మర్నాటికి అది రాయిలా కాక, సున్నం కొట్టిన గోడలా కనిపించింది. 1903లో టైటానియం వైట్ లేనే లేదు. ఆ కాలంలో ఎక్కువగా వాడిన సీసపు తెలుపు కాస్త వెచ్చగా, కొంత పారదర్శకంగా ఉంటుంది. అది విషపదార్థం కాబట్టి ఇంట్లో వాడే ధైర్యం నాకు లేదు. పెట్టిన రంగంతా గీకేసి, పది పాళ్ల తెలుపుకు ఒక పాలు కన్నా తక్కువ ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపి మళ్లీ మొదలుపెట్టాను.

అయినా నీడలు కుదరలేదు. ఇంటి పనిలో మిగిలిన పాలరాతి ముక్కను డాబా మీద నిలబెట్టి, దాని ముందు నీళ్లు పోసిన స్టీలు పళ్లెం పెట్టి, పదకొండు గంటల ఎండలో గంటసేపు చూశాను. నీడలో ఉన్న అడ్డ తలం ఆకాశాన్ని చూస్తుంది కాబట్టి నీలంగా, నిలువు తలం ఎండ పడిన నేలను చూస్తుంది కాబట్టి పసుపుగా కనిపించాయి. ఈ తేడా తెలిశాక అడ్డ తలాల్లో నీలి అల్ట్రామెరీన్‌నూ, నిలువు తలాల్లో ఓకర్‌నూ కొద్దిగా ఎక్కువ చేశాను. తెలుపు ఎంత కలిపినా రాని ఎండ అప్పుడు వచ్చింది.

1863లో పెళ్లి చేసుకుని ఇటలీ వెళ్లినప్పుడు అగ్నిపర్వతం కప్పేసిన ప్రాచీన రోమన్ నగరం పాంపేయీ శిథిలాలను కొలతలతో సహా చూసిన ఈ డచ్చి చిత్రకారుడు, 1870లో లండన్‌లో స్థిరపడ్డారు. అంటే ఈ మధ్యధరా ఎండను ఆయన మబ్బుల ఊళ్లో కూర్చుని వేశారు. గ్రోవ్ ఎండ్ రోడ్డులోని తన చిత్రశాల గుమ్మటానికి లోపల అల్యూమినియం పూత వేయించుకున్నారంటే, వెలుగు ఎక్కడి నుంచి ఎక్కడికి తిరిగి కొడుతుందో ఆయన ఎంత పట్టించుకున్నారో అర్థమవుతుంది. ఆయన కథనాలు నాకు కొంచెం తీపి ఎక్కువ. రాయి విషయంలో మాత్రం వంక పెట్టలేను.

రాతి చారలను నాలుగో వారంలో ఆరిన పూత మీద సున్నా నంబరు కుంచెతో గీస్తే పగుళ్లలా తేలాయి. వాటిని తుడిచేసి, అయిదో వారంలో తడి రంగులోనే గీసి, పొడి ఫ్యాన్ కుంచెతో ఒక్కసారి అడ్డంగా లాగాను. ఎండ పడిన చోట చార దాదాపు మాయమై, నీడలో మాత్రమే తేలింది.

తెల్లరంగు భాగం అయిదు రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. అది పూర్తిగా ఆరాక కొలనులోని చేపలు మొదలుపెడతాను. ముగ్గురు స్త్రీల ముఖాలు చివరికి.