క్రుక్స్ గది
జాన్ స్టైన్‌బెక్ 1937లో ప్రచురించిన 'ఆఫ్ మైస్ అండ్ మెన్' నవలను మళ్లీ చదివాను. కాలిఫోర్నియాలోని సొలెదాద్ దగ్గరి ఆ వ్యవసాయ క్షేత్రంలో కూలీలందరూ ఒకే కొట్టంలో పడుకుంటారు, నల్లజాతివాడైన క్రుక్స్‌ను మాత్రం అందులోకి రానివ్వరు. గుర్రాల పగ్గాలూ మందు సీసాలూ ఉన్న చిన్న గదిలో పుస్తకాలే తోడుగా బతికే ఆ మనిషి, గుమ్మంలోకి వచ్చిన అమాయకపు కూలీ లెన్నీని మొదట కసురుకుని, ఆ తర్వాత కూర్చోబెట్టి, నీ నేస్తం జార్జ్ ఇక తిరిగి రాకపోతే ఏం చేస్తావని గుచ్చి గుచ్చి అడుగుతాడు. ఆ క్రూరత్వం నన్ను చాలాసేపు కలవరపెట్టింది. తన బాధ ఎలాంటిదో మరొకరికి తెలియజెప్పడానికి అతనికి వేరే దారి దొరకలేదని నాకు అనిపించింది.

తన ముసలి కుక్కను కాల్చిన తుపాకీ మోత విన్నాక వృద్ధ కూలీ కాండీ గోడవైపు తిరిగి పడుకునే ఘట్టం గురించి చాలామంది చెబుతారు, అది నిజంగానే గుండెను పిండేస్తుంది. యజమాని కొడుకు కర్లీ భార్యకైతే రచయిత పేరు కూడా పెట్టలేదు. మాట్లాడే మనిషి కోసం వెతుక్కుంటూ క్రుక్స్ గదికి వచ్చిన ఆమే, వెళ్లిపొమ్మన్నందుకు అతణ్ణి చెట్టుకు ఉరి తీయించగలనని బెదిరిస్తుంది. అంతకు కాసేపటి ముందే కాండీ, జార్జ్, లెన్నీ కలిసి కొనబోయే పొలంలో తనకూ కాస్త చోటు ఇవ్వమని అడిగిన క్రుక్స్, ఆ రాత్రే తన మాటను వెనక్కి తీసుకుంటాడు. చివర్లో వచ్చే మరణాలకంటే ఈ వెనకడుగే నన్ను ఎక్కువగా బాధించింది.