పెదవులు కనబడని తరగతి

కడపలో మా అక్క కూతురికి పుట్టుకతోనే వినికిడి లేదు. మూడో తరగతి దాకా ఆ పిల్ల ఇంటి దగ్గరి మామూలు బడిలోనే చదివింది. ఒకనాడు దాని నోటుపుస్తకం తిరగేస్తే, పక్కపిల్ల రాసుకున్నదంతా, చివరికి ఆ పిల్ల పేరుతో సహా, గుండ్రంగా దించి ఉంది. పంతులమ్మ నల్లబల్ల వైపు తిరిగిన ప్రతిసారీ ఆమె పెదవులతోపాటు పాఠమూ కనుమరుగయ్యేది. కనబడినప్పుడైనా పాట, బాట, మాట అనే మూడు పదాలకూ పెదవులు ఒకేలా కదులుతాయి కదా!

1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ సైగలను పక్కనపెట్టి నోటిమాటకే పట్టం కట్టింది. దానికి 2010లో కెనడాలోని వాంకూవర్‌లో కూడిన అదే మహాసభ విచారం ప్రకటించింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, అందరితో కలిసి చదివే విద్యను కోరుతూనే, సైగల భాష వచ్చిన ఉపాధ్యాయులను నియమించాలనీ చెబుతోంది. ఆ రెండో మాట అమలుకాని తరగతిలో కలిసి కూర్చోవడం ఉంటుందే గాని కలిసి చదవడం ఉండదని నా నమ్మకం.

ఆ తర్వాత పిల్లను బధిరుల పాఠశాలలో చేర్పించినప్పుడు, హాస్టల్లో వదిలిరావడానికి అక్క ఎంత ఏడ్చిందో నేను చూశాను. ఆ బాధ చిన్నది కాదు. అయితే సంక్రాంతి సెలవులకు వచ్చిన పిల్ల, అరిసెలు వత్తుతున్న అక్క చేయి పట్టుకుని ఆపి, ‘ఎందుకు’ అనే సైగను మూడుసార్లు నేర్పింది.