తప్పనిసరి ఖర్చుకు ఇంగ్లీషు మాట

అల్లూరు దగ్గర రొయ్యల గుంట వేస్తున్న మా బాబాయి, లోన్ రిపోర్టులో "ఎంటెయిల్స్" (entails) అనే మాట చూపించి "ఇదేంది అబ్బయా?" అన్నాడు.

వనామీ రకం రొయ్య వేశాక రాత్రిళ్లు ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే మిషన్లు, తిప్పక తప్పదు కదా. చీకటి పడితే నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా ఉన్నది తనే వాడుకుంటుంది. అంటే రొయ్యల సాగు కరెంటు బిల్లును 'ఎంటెయిల్' చేస్తుంది, తప్పనిసరిగా వెంట తెస్తుంది. 'ఇన్‌వాల్వ్' అన్నా నడుస్తుంది గానీ, "తప్పదు" అనే బిగింపు అంత ఉండదు. వాక్యంలో దీనికి కర్త మనిషి కాదు, పనే. 'ఎంటెయిల్' తర్వాత 'టు రన్' రాదు, 'రన్నింగ్' అనాలి. అదీ గాక ఇది ఆఫీసు కాగితాల మాట, టీ కొట్టు దగ్గర వాడితే నవ్వుతారు.

"మేత అప్పుకూ వాడొచ్చా?"

"వడ్డీకి ఇంకా బాగా కుదురుద్ది బాబాయ్!"