ఆ కిటికీ తెరిస్తే పదహారు అంగుళాలే

షికాగో శివారులో మేం కొన్న ఇంటికి బేస్‌మెంట్‌లో ఒక గది ఉంది. పాత ఓనరు దానికి కార్పెట్ వేసి, క్లోజెట్ పెట్టి, నాలుగో బెడ్‌రూమ్ అని చెప్పి అమ్మాడు. అమ్మానాన్నా ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారంటే ఆ గదే వాళ్లకి అనుకున్నాం. కిటికీ మాత్రం సీలింగ్‌కి ఆనుకుని, పిల్లి దూరేంత.

పక్కనే బాత్‌రూమ్ కట్టిద్దామని పర్మిట్‌కి పెడితే డ్రాయింగ్ తిరిగొచ్చింది. ఎగ్రెస్ కిటికీ లేదు కాబట్టి ఇది బెడ్‌రూమ్ కింద రాదు, అని ఒక్క ముక్క రాశారు. ఎగ్రెస్ అంటే ప్రమాదమొస్తే అందులోంచి మనిషి బయటపడాలి, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వీపున సిలిండర్‌తో లోపలికి రాగలగాలి.

"ప్లాన్‌లో ఆఫీస్ రూమ్ అని రాసెయ్ బాసూ, మంచం వేసుకుంటే ఎవడొచ్చి చూస్తాడు" అన్నారు ఫ్రెండ్స్. నిజమే, ఎవరూ చూడరు. కానీ మా బేస్‌మెంట్ మెట్లు తేలేది వంటగదిలోకి. ఇళ్లలో మంటలు ఎక్కువగా మొదలయ్యేదీ పొయ్యి దగ్గరే. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అర్ధరాత్రి ఆ మెట్ల మీదుగా మంటల్లోకి రమ్మనాలా? ఆ మాట అనుకున్నాక ఆఫీస్ రూమ్ అని రాయడానికి చెయ్యి రాలేదు.

ఇళ్లు కట్టే నిబంధనల పుస్తకం, అంటే కోడ్‌లో ఆర్310 అనే సెక్షన్ చదివాను. తెరిచిన సందు కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉండాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 20ని 24తో గుణిస్తే 480 చదరపు అంగుళాలు. కానీ నేలకి దిగువనున్న కిటికీకి మొత్తం సందు 5 చదరపు అడుగులు, అంటే 720 ఉండాలి. రెండు కొలతలూ కనీసంలో పెడితే మూడోది తప్పుతుంది. కిటికీ అడుగు అంచు గది నేల నుంచి 44 అంగుళాలు దాటకూడదు. తాళంచెవి, పనిముట్లు లేకుండా లోపలి నుంచి తెరుచుకోవాలి.

ఇంత చదివీ నేనూ పడ్డాను. 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల ఎత్తు ఉన్న స్లైడర్, అంటే అద్దం పక్కకి జరిపే కిటికీ ఒకటి సేల్‌లో కనిపిస్తే పర్మిట్ రాకముందే కొనేశా. గ్యారేజీలో నిలబెట్టి, అద్దం పూర్తిగా జరిపి టేపు పెడితే వెడల్పు 16 అంగుళాలు! స్లైడర్‌లో సగం అద్దం ఎప్పుడూ అడ్డంగానే ఉంటుంది కదా. ఎత్తు 44 వచ్చింది. గుణిస్తే 704. అటు వెడల్పూ చాలలేదు, ఇటు వైశాల్యమూ చాలలేదు. కొంత కోసుకుని షాపువాడు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత కేస్‌మెంట్ కొన్నాం, మన ఊళ్లలో కిటికీ రెక్కలా మొత్తం బయటికి తెరుచుకునేది. చిన్న కిటికీతోనే కావలసినంత సందు వచ్చింది.

అంచు ఎత్తు కోడ్ 44 దాకా ఒప్పుకున్నా, మా అమ్మకి అది గుండెల దాకా వస్తుంది. 36కి దించమన్నాను. దాంతో తవ్వకం లోతైంది.

తవ్వే ముందు నేలలో పైపులు, వైర్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించే 811 నంబరుకి ఫోన్ చేయాలి. వాళ్లు వచ్చి లాన్‌లో జెండాలు పాతిపోయారు: కరెంటుకి ఎరుపు, గ్యాస్‌కి పసుపు, నీళ్లకి నీలం. పసుపు జెండా మేం అనుకున్న చోటుకి మూడడుగుల దూరంలో ఉంది. కిటికీని పక్కకి జరిపాం. కాంక్రీటు గోడ కోసిన రోజు ఇల్లంతా దంతాల డాక్టరు డ్రిల్లు చప్పుడు, నేలంతా బూడిదరంగు బురద.

కిటికీ బయట మట్టి ఆపే గుంతని విండో వెల్ అంటారు. గోడ నుంచి ముందుకి కనీసం 36 అంగుళాలు, వెడల్పు కనీసం 36, మొత్తం కనీసం 9 చదరపు అడుగులు ఉండాలి. లోతు 44 అంగుళాలు దాటితే నిచ్చెన బిగించాలి, మాది దాటింది. అడుగున కంకర పోసి, నీళ్లు పునాది చుట్టూ ఉన్న డ్రెయిన్‌లోకి పోయేలా చేశారు. అది చేయకపోతే వానాకాలం కిటికీ కాస్తా అక్వేరియం అవుతుంది. అన్నీ కలిపి ఐదు వేల డాలర్లు దాటింది. పొగ అలారాలు వేరే.

ఈలోగా నాన్న దిగారు. కిటికీ చూసి మొదటి మాట, "ఊచలేవిరా? దొంగలకి నువ్వే నిచ్చెన కూడా వేశావు!" మన దగ్గర ఊచలు లేని కిటికీ కిటికీయేనా? గ్రిల్ పెట్టుకోవచ్చు, కానీ అది కూడా తాళం లేకుండా లోపలి నుంచి ఊడి రావాలి అని చెబితే, "అయితే ఎందుకది, దండగ" అన్నారు.

ఇన్‌స్పెక్టరు పది నిమిషాలు ఉన్నాడు. కిటికీ తెరిచాడు, సందు కొలిచాడు, నిచ్చెన మెట్టు ఊపి చూశాడు, గుంత పైనున్న ప్లాస్టిక్ మూతని లోపలి నుంచి నెట్టి చూశాడు, సంతకం పెట్టాడు. అతను వెళ్లాక నాన్న చెప్పులు విడిచి కుర్చీ వేసుకోబోయారు. కుర్చీ లేకుండా ఎక్కమన్నాను. ఒకసారి జారి, రెండోసారి నిచ్చెన పట్టుకుని లాన్‌లో తేలారు. అమ్మ మాత్రం ఎక్కనంది.

వారం తిరక్కుండా ఆ గుంతలో ఎండ బాగా పడుతోందని అమ్మ మెంతికూర కుండీలు నాలుగు దింపింది. కిటికీ తెరిచి చూపించాను, రెక్క సగంలోనే కుండీకి తగిలి ఆగిపోయింది. ఇప్పుడా కుండీలు డెక్ మీద ఉన్నాయి.