మూడు వారాలు, ఐదు బ్లాట్లు, ఒక్క బ్యాండ్ లేదు

పోయిన నెల ల్యాబ్‌లో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇది. డెంగ్యూ వైరస్ ఎక్కించిన వీరో కణాల్లో (ల్యాబ్‌లో పెంచే కోతి కిడ్నీ కణాలు), వైరస్ పైన ఉండే ఎన్వలప్ గ్లైకోప్రోటీన్ ఏ రోజుకి ఎంత తయారవుతోందో వెస్టర్న్ బ్లాట్‌లో చూడాలి, అంతే. అంటే ప్రోటీన్లని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి, కావాల్సినదాన్ని యాంటీబాడీతో పట్టుకోవడం; దొరికితే నల్లటి గీత, అదే బ్యాండ్, కనిపిస్తుంది. యాంటీబాడీ 4జీ2. ఫ్లావివైరస్‌ల (డెంగ్యూ, జికా లాంటి వైరస్‌ల కుటుంబం) మీద పనిచేసేవాళ్లకి బాగా తెలిసిన ఎలుక మోనోక్లోనల్, అంటే ఎలుక కణాల నుంచి తీసిన ఒకే రకం యాంటీబాడీ.

మొదటి బ్లాట్ ఖాళీ. రెండోదీ ఖాళీ. యాక్టిన్ (కణాల్లో ఎప్పుడూ ఉండే ప్రోటీన్, పోలికకి చూస్తాం) మాత్రం 42 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర కాటుకతో గీసినట్టు నల్లగా వచ్చింది, అంటే ప్రోటీన్ మెంబ్రేన్ మీదికి ఎక్కింది, సెకండరీ (మొదటి యాంటీబాడీకి అంటుకుని బ్యాండ్‌ని కనిపించేలా చేసే రెండో యాంటీబాడీ) పనిచేస్తోంది, ఇంక దొంగ ఎవరు? 4జీ2 సీసానే అనుకున్నాను. బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో పార్సిల్ ఇరుక్కుని ఐస్ ప్యాక్‌లు కరిగిపోయి ఉంటాయని ఒక కథ కూడా అల్లేసి, అమ్మినవాళ్లకి ఘాటుగా మెయిల్ కొట్టాను. డోసు పెంచాను, రాత్రంతా నానబెట్టాను. ఐదో బ్లాట్ కూడా తెల్లకాగితమే.

మా సీనియర్, కడప అక్క, క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ అడిగింది.

"బీటా మర్కాప్టో వేశావా?" (బీటా మర్కాప్టోఇథనాల్, ప్రోటీన్‌లోని బంధాలు తెంచే రసాయనం.)

"వేయకపోతే ఎలా అక్కా, శాంపిల్ బఫర్‌లోనే ఉంటుంది కదా."

"ఉడకబెట్టావా?"

"95 డిగ్రీలు, ఐదు నిమిషాలు."

"ఇంకేం! దాని ముఖం నువ్వే చెరిపేసి, గుర్తుపట్టలేదని యాంటీబాడీని తిడుతున్నావు."

సంగతేంటంటే, ఆ ఎన్వలప్ ప్రోటీన్‌లో 12 సిస్టీన్లు (సల్ఫర్ ఉండే అమైనో ఆమ్లాలు) జతకట్టి ఆరు డైసల్ఫైడ్ బంధాలుగా ఉంటాయి. 4జీ2 పట్టుకునేది రెండో డొమైన్ (ప్రోటీన్‌లో ఒక భాగం) కొసన ఉండే ఫ్యూజన్ లూప్ అనే చిన్న మెలికని, అదీ సరైన ఆకారంలో ఉంటేనే. చీర కుచ్చిళ్లకి పెట్టిన పిన్నుల్లాంటివి ఆ బంధాలు. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే ఆ మర్కాప్టో చుక్కలు పిన్నులన్నీ పీకేస్తాయి, బట్ట అదే, కుచ్చిళ్లు లేవు. మేం వాడే యాక్టిన్ యాంటీబాడీకి ఈ గొడవ లేదు, అది వరసగా ఉన్న అమైనో ఆమ్లాల ముక్కని చూసి పట్టేసుకుంటుంది. నన్ను ముంచింది ఆ యాక్టినే నిజానికి, అది బాగా వచ్చేసరికి శాంపిల్ తయారీ మీద అనుమానమే రాలేదు.

మర్నాడు మర్కాప్టో లేకుండా, ఉడకబెట్టకుండా వేశాను. మర్కాప్టో ఉన్న శాంపిల్‌ని పక్క లేన్‌లో కూడా వేయొద్దంది అక్క, అది జెల్‌లో పక్కకి పాకుతుందట. సాయంత్రానికి 55 కిలోడాల్టన్లకి కాస్త కింద లావుపాటి బ్యాండ్! ఫోటో తీసి ఇంట్లోవాళ్లకి పంపితే, "ఏంటమ్మా ఈ మచ్చ" అంది అమ్మ.

బ్యాండ్ వచ్చినంత మాత్రాన అది డెంగ్యూ అని కూడా కాదు. ఫ్యూజన్ లూప్ ఈ కుటుంబంలో దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి 4జీ2 జికానీ పట్టుకుంటుంది, వెస్ట్ నైల్‌నీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌నీ కూడా. ఇంటిపేరు చెబుతుంది కానీ మనిషి పేరు చెప్పదు. అది తేల్చాలంటే వేరే యాంటీబాడీయో పీసీఆరో చేసుకోవాల్సిందే. మా ఇంక్యుబేటర్‌లో రెండు రకాల వైరస్‌లు ఉన్నాయి కనక ఫ్లాస్కుల మీద లేబుళ్లు ఇప్పుడు రెండుసార్లు చదువుతున్నాను.

అమ్మినవాళ్ల జవాబు నిన్న వచ్చింది. చాలా మర్యాదగా, డేటాషీట్ రెండో పేజీలో ఒక లైనుకి పసుపు రంగు పూసి పంపారు. క్షమాపణ మెయిల్ ఇంకా రాయలేదు, డ్రాఫ్ట్‌లో "నమస్తే" దగ్గరే ఆగి ఉంది.